పాలసొర గిన్నె

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

అప్పుడు మా అబ్బాయికి పోర్టులో పని. ఆనందపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి హార్బరు పక్కన అద్దెకుండేవాళ్లం. కోడలు రమణకు తొలికాన్పు. మా వైపు బాలింతకు పథ్యమంటే వెల్లుల్లికారం, పిడికెడు అన్నం. నీసు తగిలితే పచ్చి ఒళ్లు చెడుతుందని మా అత్త నాకు చెప్పింది, నేను రమణకు చెప్పాను.

పక్కింటి పోలమ్మ చేపలమ్మేది. బాలింతకు పాలు పడతాయని పాలసొర చేప వేయించి తెచ్చేది. నవ్వుతూ గిన్నె అందుకునేదాన్ని. కోడలికి పెట్టకూడదు. పారేయడానికి చేతులు రాలేదు. వంటింటి తలుపు చేరవేసి నేనే తిన్నాను. ఒక్కసారా? తెచ్చినప్పుడల్లా.

రమణ గోడవైపు తిరిగి పడుకునేది. బిడ్డ ఏడ్చినా కదిలేది కాదు. ఊరికే కళ్లనీళ్లు కారేవి. గాలి సోకిందని తాయెత్తు కట్టించాను. అది ఆకలో, దిగులో, రెండూనో నాకు తెలియదా? బాలింతగా నేనూ అలా గోడను చూసినదాన్నే కదా?

ఓ పొద్దున్న పోలమ్మ తిన్నగా లోపలికే వచ్చింది.

"ఏటే అమ్మీ, నా సొర తిని కూడా ఇలా సిక్కిపోనావేటి?"

"ఏ సొర పిన్నీ? నాను తిన్నేదు."

పోలమ్మ నా వైపు చూసింది.

"తింటాది, మరిసిపోతాది. బుర్ర సరిగ్గా నేదు దానికి," అన్నాను.

రమణ నన్నే చూస్తూ, "అవునేమో అత్తా," అంది.

"మరిసిపోతే మల్లీ ఎడతాను. సొరకేటి కరువా?" అని పోలమ్మ అక్కడే చతికిలబడింది.

ఆనాటి నుంచి తన చేత్తోనే తినిపించింది. పెద్దాసుపత్రికీ తీసుకెళ్లింది. కాన్పయ్యాక ఇలాంటి దిగులు చాలామందికి వస్తుందనీ, మందు, తిండి, నిద్ర, పక్కన మనిషి కావాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఒక్కరోజులో ఏమీ మారలేదు. కానీ ఓనాడు బిడ్డ ఏడిస్తే రమణ లేచి ఎత్తుకుంది. ఇంకోనాడు, "ఇంకాస్త ఎట్టు పిన్నీ," అని కంచం చాపింది.

మలికాన్పుకైతే మంచం మీద నుంచే కేకేసింది: "అత్తా, పథ్యం సముద్రంలో కలిపీసాను. సొర తే!" తెల్లారకుండానే హార్బరుకు పరుగెత్తాను. వండాను. కంచం తుడిచినట్టు తిని, నాకు ఎత్తి చూపించింది. ఎంత గర్వపడ్డానో! ఇప్పుడు మా వీధి బాలింతలంతా దాని చేతి కిందే. దాని ముందు పథ్యం మాటెత్తే అత్త లేదు.

అది గెలిచింది. అయితే ఆ బాలింతలకు నవ్వుతూ చెబుతుంది, "నాకైతే తిన్నదే గుర్తుండేది కాదమ్మీ, అంత పాడైపోనాది బుర్ర." నేనూ నవ్వుతాను. ఆ నవ్వు ఎలా వస్తుందో నాకు!

దాని బుర్రకేమీ కాలేదు. ఆ సొర తిన్నది నేను.

హమ్మయ్య. అనేశాను.