మా అత్త తీయించిన గుంజీలు

"గుంజీలవ్వ పోయిందట" అన్న మాట రెండు వారాల కిందట సోమవారం పొద్దున సిరిసిల్లలో మా వాడంతా తిరిగింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలకైతే ఆమె అసలు పేరు కూడా తెలియదు. నాకు ఆమె అత్త, నా పెనిమిటిని కన్నతల్లి. జ్వరమని పడుకుంది, మందు వద్దంది, నా చేతి గంజి రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది.

ఆ పేరు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అది ఎట్లా వచ్చిందో చెప్పాలంటే నా నడుం సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు సుల్తానాబాదు. ఊహ తెలిసినప్పటి నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టినదాన్ని. పెళ్లయి ఇక్కడికొచ్చినా అదే రాట్నం, అదే వంగుడు. రెండో కాన్పు తర్వాత నడుం పట్టేసింది. గోడ పట్టుకుంటే తప్ప లేవలేను. తొట్టెలలో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వంగి ఎత్తుకోలేక, పక్కన కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని. పసరు కట్లు, కాపడాలు, కరీంనగర్ డాక్టరు మందులు అన్నీ అయిపోయాయి. చుట్టాలావిడ ఒకామె నా ముందే మా అత్తతో అన్నది: "గీ పిల్లను తల్లిగారింటికి తోలు. ఇంకో పిల్లను సూద్దాం. మగ్గమున్న ఇంట్ల నడుం లేని కోడలు ఏం జేస్తది?"

మర్నాడు కోడికూతకు మా అత్త నన్ను లేపి, వెనక గదిలోకి తీసుకుపోయి గొళ్లెం పెట్టింది. కొంగు నడుముకు దోపింది. పాదాలు ఎడంగా పెట్టి, చేతులు ముందుకు చాచి కూర్చుంది, లేచింది. మళ్లీ కూర్చుంది, లేచింది. నేను నోరు తెరుచుకుని చూశాను. జుట్టు నెరిసిన ఆడమనిషి అంత తేలికగా లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె పుట్టిల్లు ఆదిలాబాదు అవతల, పెన్‌గంగ ఒడ్డున. తండ్రి అక్కడ తాలీం నడిపేవాడట, ఊరి పడుచువాళ్లకు కుస్తీ, కసరత్తు నేర్పేవాడట. అన్నలు దండాలు, కూర్చుని లేచే బైఠకులు తీస్తుంటే ఈమె తడిక సందులోంచి చూసి ఇంట్లో తీసేది. పెళ్లయి వచ్చాక వాళ్ల అత్త కంటపడితే, "మొగోని లెక్క గిదేం పనే" అని గద్దించిందట. అప్పటి నుంచి ఆ పని తలుపు చాటుకు పోయింది. బయట ఎవరికీ చెప్పనని నా చేతా ఒట్టు వేయించుకుంది.

తాలీం మాటలు ఆమెకు మరాఠీలోనే వచ్చు. కూర్చోమనడానికి "బస్", లేవమనడానికి "ఊఠ్". మొదట్లో నేను గోడ పట్టుకుని సగం దాకా దిగడమే గొప్ప. ఆమెది ఒకటే పట్టు, తాను "ఊఠ్" అనేదాకా లేవకూడదు. "నడుం తొందరపడ్తది బిడ్డా, నువ్వు పడకు" అనేది. ఆ రోజుల్లో మా ఊరి మగపిల్లలకు తాలీం పిచ్చి పట్టి, పాలు కావాలి, బాదములు కావాలి అని ఇళ్లల్లో తల్లుల ప్రాణం తీసేవాళ్లు. మా అత్తకు నవ్వాగేది కాదు. "బాదములు ఎన్నడన్న సూసినమా మనం? పిడికెడు శెనగలు నానబెట్టుకో. నేలేమన్న కిరాయి అడుగుతదా, జర కూసుండి లేస్తే?"

నా నడుం మెల్లగా వినడం మొదలుపెట్టింది. అంతలో ఎదురింటి పెద్దమ్మకు మా వెనక గది చప్పుళ్లు వినబడ్డాయి. ఆవిడకు చెవులు మహా చురుకు. ఇంటి వెనక్కి వచ్చి కిటికీ చెక్క సందులోంచి చూసింది. నేను మూలుగుతూ కూర్చుని లేస్తున్నాను, మా అత్త చేతులు కట్టుకుని పక్కన నిలబడి గద్దిస్తున్నది. ఇంకేముంది! బడిలో పంతులు పిల్లల చేత తీయించినట్టు, జబ్బు కోడలి చేత అత్త గుంజీలు తీయిస్తున్నదని పొద్దుగూకేలోపు వాడంతా పాకింది. సుల్తానాబాదు పోయే వాళ్లెవరో మా బాపు చెవిన కూడా వేశారు.

బాపు బస్సు దిగి నేరుగా ఇంట్లోకి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"మూట గట్టు బిడ్డా, పోదాం పా. నా ఇంట్ల నీకు గంజి లేదా?" అన్నాడు. మా అత్త వైపు తిరిగి, "పాణం బాగలేని పిల్లతోని గుంజీలు తీపిస్తవా అక్కా? నీకు మనసెట్లొచ్చింది?" అన్నాడు.

మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నీ బిడ్డ. తోలుకపోతనంటే తోలుకపో అన్నా" అన్నది. అంతే. చెడ్డదాన్ని అనిపించుకోవడానికైనా సిద్ధపడింది కానీ, తాలీం ఊసు మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు పోతే మళ్లీ ఈ గడప తొక్కడం ఉండదని నాకు తెలుసు.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. తొట్టెల దగ్గరికి పోయి, వంగి, పిల్లవాణ్ని ఎత్తి బాపు ఒళ్లో పెట్టాను. పోయినసారి వచ్చినప్పుడు వాణ్ని తీసి నా ఒళ్లో పెట్టింది ఆయనే. నేను కొంగు దోపుకుని ఇంటి నడుమ నిలబడి, చేతులు చాచి కిందికి దిగాను. గడప దగ్గర ఎదురింటి పెద్దమ్మ, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు.

"అత్తా, ఆ మాట అనరాదా" అన్నాను.

ఆమె నీళ్ల గూన పక్కకు జరిగింది.

"నువ్వు అనకుంటే నేను లేవ."

నీళ్ల గూన పక్క నుంచి, సన్నగా వినబడింది. "ఊఠ్."

గోడ పట్టుకోకుండా లేచాను. బాపు కండువాతో కళ్లు తుడుచుకుని ఆ చెంబు నీళ్లు తాగాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే పోతూ, "శెనగలు నేను తోలిస్త అక్కా" అన్నాడు. తోలించాడు కూడా.

మర్నాడు కోడికూతకు ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురింటి పెద్దమ్మ! "వదినె, నాతోని గూడ తీపియ్యరాదా గుంజీలు. మోకాళ్లు పట్టుకపోయినయ్" అన్నది. మా అత్త ఆమెను కిందికీ మీదికీ చూసి, "కిటికీలకెల్లి సూసుడు అయిపోయిందా? రా లోపలికి" అన్నది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత వాళ్ల కోడళ్లు. మా అత్త వాడకంతా గుంజీలవ్వ అయింది, వెనక గది తలుపుకు మళ్లీ గొళ్లెం పడలేదు.

దినాలు అయ్యాక నిన్న ఆ గది అలికాను. మా అత్త నిలబడేచోట ఆమె పాదాలకు నేల అరిగి రెండు గుంతలు పడ్డాయి. పండుగకు అలికినప్పుడల్లా, "గవి పూడ్వకు, నా కాళ్లకు అలవాటైనయ్" అనేది. నిన్న కూడా పూడ్వలేదు. ఎర్రమట్టి చెయ్యి వాటి చుట్టే తిప్పాను. ఎంత ఏడ్చినా నా బెంగ తీరడం లేదు. నాకు ఆమె గొంతు కావాలి, తిట్టినా సరే.

ఈ పొద్దున ఎవరూ రాకముందే లేచి ఆ గుంతల్లో పాదాలు పెట్టాను. నా పాదాలు పెద్దవి, మడమలు బయటికి వచ్చాయి. కొంగు దోపుకుని, చేతులు చాచి కిందికి దిగాను. ఎదురింట్లో మగ్గం మొదలైంది. అయినా లేవలేదు. ఆమె అనాలి కదా.