పెళ్లి కోసం ఆపిన గూడ్సు బండి

ఆ రోజుల్లో నాకు పెళ్లి కావాలంటే ఒక రైలింజను ఫోటో కావాల్సి వచ్చింది. కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. దుబాయిలో, అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఒకే గదిలో ఆరుగురం సర్దుకునేవాళ్లం. నాకొచ్చిన సంబంధంలో పిల్ల నాన్న కాజీపేటలో గూడ్సు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు. పెళ్లిచూపులు వీడియో కాల్లోనే. (పిల్లను రెండు నిమిషాలు చూపించి, మిగతా గంటా ఆయనే మాట్లాడాడు.) మెప్పు కోసం నేను "నాకు సుత ఇంజన్లంటే పానం మామా, సెలవొస్తే ఫోటోలు తీస్త" అని కోతలు కోసేశాను. "గట్లనా? అయితే పంపు పిలగా. సూసినంకనే ముచ్చట" అన్నాడాయన.

మర్నాడే మెట్రో ఫోటో పంపాను. వెంటనే ఫోన్. "గిందుల డ్రైవరేడి?" "ఉండడు మామా, దానంతట అదే పోతది." "డ్రైవర్ లేనిదాన్ని బండంటరా పిలగా?" అని ఫోన్ పెట్టేశాడు. జీవితమంతా ఇంజన్లో నిలబడ్డ మనిషికి అలాంటిది చూపించిన నా తెలివికి దండం పెట్టాలి.

సంబంధం జారిపోతోందని నేను దిగాలుపడితే, కంపెనీ పికప్ నడిపే మా గదిలో ఉండే, అందరం బావ అని పిలిచే గోదావరి మనిషి ధైర్యం చెప్పాడు. "కొండల్లోంచి రాళ్లేసుకొచ్చే గూడ్సుందిరా బాబూ, నేను చూసేను కదా. పద, యల్లా!" సెలవు రోజున ఎడారిలో రైలు పట్టాల కంచె పక్కన మూడు గంటలు నిలబడ్డాం. తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని, మధ్యమధ్య నీళ్లు తాగుతూ, మామగారు మెచ్చుకోబోయే మాటలన్నీ ముందే ఊహించుకుంటూ గడిపాను. చివరికి బండి కనిపించింది. పెద్ద ఇంజను, లోపల నిజమైన డ్రైవరు! ఫోటోలో ఆయన నావైపు చూస్తే బాగుంటుందని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు విప్పి గాల్లో ఊపాను.

"ఒరేయ్, ఎర్రగుడ్డరా!" అని బావ అరిచేసరికే బ్రేకులు కీచుమన్నాయి. రైలు డ్రైవరుకి కాబోయే అల్లుణ్ని నేను, ఎర్రగుడ్డ ఊపితే బండి ఆపమని అర్థమని తట్టనే లేదు. బండి మమ్మల్ని దాటి చాలా దూరం పోయి ఆగింది. ఇంజన్లోంచి ఒక బిహారీ మనిషి దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఆగే క్యా హై?" ముందు పట్టాల మీద ఏముందని ఆయన కంగారు. "ఆగే... షాదీ హై సాబ్" అన్నాను.

ఉన్నదంతా చెప్పాను. ఆయన నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక ఫోన్ లాక్కుని ఫోటోలన్నీ చెరిపేశాడు. "మీ కంపెనీ ముదీర్‌కి చెబితే నీ వీసా ఖలాస్. పో!" బతుకుజీవుడా అని పికప్ ఎక్కాం. ఉద్యోగం మిగిలింది, ఫోటో పోయింది. ఇక పిల్ల కూడా పోయినట్టే అనుకున్నాను.

ఆ సాయంత్రం మామగారికి ఫోన్ చేసి, మొదటి అబద్ధంతో సహా అంతా ఒప్పుకున్నాను. ఆయన ఆ డ్రైవరు గురించే అడిగాడు.

"ఎర్రగుడ్డ సూడంగనే బ్రేకేసిండా?"

"ఏసిండు మామా."

"లోడు బండేనా?"

"నిండా రాళ్లే."

"మంచి డ్రైవర్" అన్నాడు, తన బండి గురించే చెబుతున్నట్టు. తర్వాత మెల్లగా, "నిజం జెప్పినవ్, పిల్లనిస్త గని, మల్ల పట్టాల దిక్కు పోనని మాటియ్యి."

మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా. (రైలు కనిపిస్తే నా రెండు చేతులూ జేబుల్లోకి పోతాయి. మా ఆవిడ పక్కనుండి నవ్వుతుంది.) ఒక్కోసారి ఆ ఎండలో నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి తెలివికి నవ్వొస్తుంది. అంత ఆశగా దేనికోసమూ మళ్లీ ఎదురుచూడలేదు కదా అని కొంచెం దిగులూ వేస్తుంది.