పేకాట బిళ్లలకు ఉన్ని రంగు

ఇప్పుడు ఏ రంగు కావాలంటే ఆ రంగు వస్తువు ఇంటికే వస్తోంది. మేము కోడళ్లుగా ఉన్న కాలంలో తెల్లది చవకగా దొరికితే తెచ్చుకుని ఇంట్లోనే రంగు వేసుకునేవాళ్లం. (చీరైనా, దారమైనా. పేకాట బిళ్లలకు కూడా వేయవచ్చనుకోవడం మాత్రం నా ఒక్కదాని తెలివే.)

తాండూరుకు కోడలిగా వచ్చి అప్పటికి మూడు నెలలు. తల్లిగారి ఊరు ధారూరు. రైలెక్కితే ఎంతో దూరం లేదు, అయినా మామ పంపడం లేదు. రైలు కూత వినిపిస్తే చాలు, నా చేతిలో పని ఆగిపోయేది. మామకు ఆదివారం పేకాట ఉండాలి. పైసలతో కాదు, చింతగింజలతో. ఒకసారి ఆయన దోస్తు బండల సేటు (నాపరాళ్ల వ్యాపారం) జేబులోంచి, ఆటలో కలిపేందుకు ఇంట్లోంచి దొంగచాటుగా తెచ్చుకున్న చింతగింజలు జారిపడ్డాయి. దాంతో మామ వికారాబాద్ పోయి ప్లాస్టిక్ బిళ్లలు తెచ్చాడు. అన్నీ తెల్లవే, అందుకే చవక. ఎరుపు, నీలం కూడా కావాలట. పెయింటర్‌ను పిలుస్తానన్నాడు.

"దండుగెందుకు మామా, నేనేస్త. మంచిగొస్తే మా తల్లిగారింటికి పంపుతవా?" అన్నాను, తల వంచుకునే.

"ముందు రానియ్యి, సూద్దాం."

మా తల్లిగారిది గొర్రెల కాపరుల ఇల్లు. గొంగళ్ల అంచుకు వాడే ఉన్ని దారాన్ని రంగునీళ్లలో చింతపులుసు పోసి బాగా మరిగించేవాళ్లం. బిళ్లలనూ అలాగే మరిగించాను. (తెల్లవి కొన్ని అలాగే ఉంచాను, వాటికి ఖర్చు లేదు కదా.) నిమిషానికోసారి మూత తీస్తుంటే అత్త, "గా గిన్నెను జర ఊపిరి తీసుకోనియ్యే పిల్లా" అంది. దించి చూస్తే రంగు పట్టింది కానీ బిళ్లలు అప్పడాల్లా వంగిపోయాయి. వేడి మీదే వాటిని గోనెసంచి కింద పరిచి, పైన నాపరాయి పెట్టి, బరువు చాలదని దాని మీద నేనూ ఎక్కి కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవే?"

"కూసున్న అత్తా."

"అది కనవడుతనే ఉంది. ఎందుకు?"

రాయి మీద ఇంకాస్త బరువుగా సర్దుకున్నాను. రెండు రోజులు ఆరనివ్వాలని తెలుసు. కానీ సోమవారం రైలు అప్పటికే నా కళ్లలో తిరుగుతోంది. మర్నాడే, ఆదివారం ఆటకు ఇచ్చేశాను.

ఎండాకాలం, చెమట చేతులు. మామకేమో మాటిమాటికీ మీసం దువ్వే అలవాటు. మూడో ఆటకల్లా ఆయన తెల్లని మీసం ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నీలంగా తయారైంది.

"హోలీ పోయి నెలాయె, నీకింకా పోలేదారా?" అన్నాడు సేటు.

"ముందుగాల నీ జేబు సూస్కో" అన్నాడు మామ. సేటు తెల్ల లాల్చీ జేబు అంచున ఎర్రటి వేలిముద్రలు వరసగా ఉన్నాయి.

మామ లేచి అద్దం దగ్గరికి పోయాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తున్నాను. నా రైలు ఇక పోయినట్టే అనుకున్నాను.

"బిడ్డా, రేపు పొద్దుగాల బండికి మీ తల్లిగారింటికి పో."

"మామా..."

"నా మీసం తెల్లగయ్యేదాంక రాకు."

ఆ రంగు పన్నెండు రోజులుంది. ఉన్ని రంగు కదా, వెంట్రుకను అంత తొందరగా వదలదు.

మొన్న మా మనవరాలు గోళ్లరంగు వేసుకుని, ఆరకముందే చెప్పులు వెతుకుతుంటే, "రంగు ఆరేదాంక ఆగలేవా?" అని కసిరాను. గోళ్లు ఊదుకుంటూ కూర్చుంది. పాదాలు మాత్రం వాకిలి వైపే తిరిగి ఉన్నాయి. ఆ పాదాలు నాకు తెలిసినవే. మంచం కింది నుంచి చెప్పులు నేనే తీసిచ్చి, పొమ్మన్నాను.