ఐలవ్వ వంతు

నలుగురు కూడితే నక్సలైట్లని పోలీసులు జీపెక్కించే రోజుల్లో, కోరుట్లలోని రేకుల చర్చికి మనుషులను పోగుచేసేవాడు జక్కరయ్య. ఆదివారం పొద్దున్నే తలకు నూనె రాసుకుని, చంకలో బైబిలుతో గడపగడపకూ తిరిగేవాడు.

"నేనొస్తే బీడీలు నీ పెండ్లాం జేస్తదా, జక్కన్నా?" అనేది ఐలవ్వ.

"బీడీల చాట పట్టుకొనే రా చెల్లె. దేవుడు ఖాళీ చేతులతోని రమ్మన్నడా?"

ఆడవాళ్లు బీడీలు చుడుతూనే ప్రార్థించేవారు, అక్షరాలు దిద్దేవారు. వారానికొకరు లేచి వాక్యం చదవాలి. ఐలవ్వ మాత్రం సిగ్గుతో తప్పించుకునేది. "వచ్చే వారం సదువు తియ్" అనేవాడు జక్కరయ్య, విసుక్కోకుండా.

ఒకరోజు ఎస్సై గుమ్మంలోకొచ్చి, "ఈ మీటింగు ఎవడు పెట్టిండు?" అన్నాడు. జక్కరయ్య లేవబోయాడు. అంతకుముందే ఐలవ్వ లేచింది.

"అందరం పెట్టినం సారూ. ఇయ్యాల సదువుడు నా వంతు. జర ఇనుండ్రి."

ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ గట్టిగా చదవసాగింది. జక్కరయ్య మెల్లగా కూర్చున్నాడు.