ట్యాంకులో డ్రైవర్ కూర్చునే చోటు

మొయినాబాద్‌లో మాది తాతల నాటి హార్డ్‌వేర్ దుకాణం. మేకులూ పైపులూ అమ్ముకునేవాడికి యుద్ధ ట్యాంకుల బొమ్మలెందుకని నా భార్య అడగని రోజు లేదు. ప్లాస్టిక్ ముక్కలు అంటించి, అసలు ట్యాంకులో ముప్పై ఐదో వంతు సైజులో నమూనాలు చేయడం నా పిచ్చి. బయటి రూపానికి ఫొటోలు బోలెడు దొరుకుతాయి. లోపలి సంగతే తెలియదు. బంగ్లాదేశ్ యుద్ధం నాటి ట్యాంకులో డ్రైవర్ కూర్చునే చోటు కోసం నెలల తరబడి ఇంటర్నెట్‌లో వెతికాను. ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా ఉంది. ఛీ, నా మొహం మండ, ఎందుకు మొదలుపెట్టానురా అనుకున్నాను.

అప్పుడే శంకరపల్లి దగ్గరి ప్రొద్దుటూరు నుంచి మోటారు పైపు కోసం వచ్చిన ఒక పెద్దాయన, కౌంటరు మీద సగం అయిన బొమ్మను చూసి ఆగిపోయారు. ఆ యుద్ధంలో ఆయన నడిపింది ఆ ట్యాంకేనట! లోపల ఎలా ఉంటుందని వెంటనే అడిగేశాను.

"లోపల ఎట్లుంటదో నేను చెప్త సేటూ. గని పూర్తయినంక మా ముసల్దానికి చూపెట్టాలె. యాభై ఏండ్ల సంది 'బండి నడిపినవు, గంతే గదా' అని ఎక్కిరిస్తది. ఒక్కసారి చూస్తే సాలు నాకు."

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ ఎగతాళి ఆయన్ని ఎంత బాధపెట్టిందో తెలుస్తూనే ఉంది.

తీరా కొలతలు అడిగితే ఏదీ గుర్తులేదు. నేను విసుక్కున్నాను కూడా, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. చివరికి ఆయనే గోదాములో పెయింటు డబ్బాల వరసల మధ్య ఇరుకులో పీట వేసుకుని కూర్చుని కళ్లు మూసుకున్నారు. చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. అక్కడ లేని పెడళ్లను కాళ్లు తొక్కాయి.

"గిక్కడ లివర్లు. గీడ గేరు. మోకాలు గిట్ల తగులుతది."

చెయ్యి ఆగినచోటల్లా నేను సుద్దతో గీత గీసి, టేపుతో కొలిచాను. నాలుగు ఆదివారాలు వచ్చారు. నడుం పట్టేసి లేవలేకపోయినా మళ్లీ వచ్చారు. నా పిచ్చి కోసం సొంతవాళ్లు కూడా అంత కష్టపడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

నమూనాను అట్టపెట్టెలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అవ్వ, అదే ఆయన భార్య, భూతద్దం పట్టుకుని, ఫోన్ టార్చి వెలుగులో చాలాసేపు లోపలికి చూసింది.

"గింత జాగలనా?" అంది. భూతద్దం దించి, "మరి బయటికెట్ల వస్తరు?"

ఆయన డ్రైవర్ తల మీద ఇంకా అంటించని మూత చూపించారు. నేను ఊరుకోవచ్చు కదా! తెలివి ఒలకబోస్తూ ఫిరంగిని ఆ మూత మీదికి తిప్పి, "ఇది ఇట్ల అడ్డమొస్తే మూత తెరుసుకోదు అవ్వా," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"అగ్గి అంటుకుంటే?"

అవ్వ అలా అడగ్గానే ఆయన ఫోన్ టార్చి ఆర్పేశారు.

అవ్వ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. "గన్నిసార్లు ఎక్కిరిస్తి. ఒక్కనాడన్న చెప్పకపోతివి!" అని ఏడ్చేసింది.

"నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే," అన్నారాయన.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చూపుడు వేలితో ఫిరంగిని మెల్లగా పక్కకు జరిపింది.

"గా మూత అంటించకు కొడుకా," అంది. "తెరిచే ఉంచు."