గాలి చూడని కంద

ఆ తెల్లవారి తలుపు తీస్తే గుమ్మంలోంచి సముద్రం కనబడింది.

ఇదెంత విడ్డూరమో మా ఉద్దానం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. సముద్రం హోరు వింటూనే వండాను, వింటూనే పడుకున్నాను. గుమ్మంలోంచి మాత్రం దాన్ని ఏనాడూ చూడలేదు. మధ్యలో మా కొబ్బరి, మా వెనకవాళ్ల కొబ్బరి, ఆ వెనక జీడి, మళ్లీ కొబ్బరి. పట్టపగలు కూడా నేల మీద ఎండ చిల్లర నాణాలంతే పడేది. పెద్ద నోట్లు రద్దయిన రెండేళ్లకు, దసరా ముందు వచ్చిన తుపాను ఒక్క తెల్లవారుజామున అదంతా పడుకోబెట్టేసింది. మర్నాడు నేను తలుపు తీసేసరికి చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి ఉన్నాయి, చాప మీద పిల్లల్లాగ. వాటి మీదుగా నీలంగా, నింపాదిగా, ఏమీ ఎరగనట్టు సముద్రం. నేను ఏడవలేదు. అలా చూస్తూ నిలబడిపోయాను. ఇంత పెద్దదాన్ని పక్కన పెట్టుకుని, లేనట్టే బతికామా అనిపించింది.

నేను చదివింది మూడో తరగతి. బ్యాంకు పుస్తకంలో అంకెలు చదవగలను, సంతకం పెట్టగలను. అంతకు మించి రాదు. కానీ మా ఇంటి డబ్బు నా చేతి మీదే నడిచింది, గట్టిగానే నడిచింది. కొబ్బరి నెలన్నరకో దింపు. ఆ డబ్బు ఉప్పుకీ పప్పుకీ కరెంటు బిల్లుకీ. జీడిపిక్కలు ఏడాదికొక్కసారి, వేసవిలో. ఆ డబ్బు బట్టలకీ చదువులకీ. పనసకాయలు వచ్చీపోయే చుట్టాలకి, మిగిలితే సంతకి. ఏ సొమ్ము దేనికో దానికే. కోడలు కొబ్బరి డబ్బులతో చీర కొనుక్కుంటానంటే, జీడి రానీ అనేదాన్ని. కోడలికి నా మీద కోపం. ఉండనీ.

చెట్ల నీడన కంద ఉండేది. దాని తీరు వేరు. మొదటి ఏడు దుంప గుప్పెడంత ఉంటుంది. దాన్ని తినకుండా మళ్లీ మట్టికిస్తే మరుసటి ఏటికి కొబ్బరికాయంత. అప్పుడూ ఆగితే ఆ పై ఏటికి ఇంకా పెద్దది. ఏటా తవ్వుకుని వండుకునే ఇంట్లో పెద్ద దుంప ఉండదు. నోట్ల గొడవ ఏడు సంతలో కందకి ధర లేదు. అమ్మితే వచ్చేది తవ్విన కూలికే సరిపోతుంది. కూలి దండగ అని భూమిలోనే వదిలేశాను. మరుసటి ఏడూ అంతే. నేనేదో ముందుచూపుతో చేశానని ఇప్పుడు నా మనవరాలు అంటుంది. కాదు, కూలికి డబ్బు తియ్యడానికి చెయ్యి రాక చేశాను.

పక్కింట్లోనే ఉండే మా మరిది ఆ రెండేళ్లూ నన్ను వదల్లేదు. "ఏటి వదినా, భూమికి వడ్డీకిచ్చినావేటి? తిరిగిస్తాదా అది?"

"నీలాగ మొకం సాటెయ్యదులే," అనేదాన్ని.

తుపాను పోయిన వారానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చి తోట చూశాడు. చూసి, సగానికి సగం తగ్గించి ధర చెప్పాడు. తోట నా పేరున ఉంది. మనవరాలు అప్పటికి శ్రీకాకుళంలో నర్సింగు చదువుతోంది. డిసెంబరులోగా ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కొబ్బరి డబ్బు లేదు, జీడి వచ్చే ఆశా లేదు. నా కొడుకు అరుగు మీద కూర్చుని తలెత్తకుండా అన్నాడు.

"అమ్మా, మళ్లీ కొబ్బరి ఏస్తే కాపుకి ఆరేడేళ్లు పడతాది. అందాకా ఏటి తింటాం? ఇచ్చినకాడికి అమ్మీసి పాప ఫీజు కట్టీద్దాం."

"తోట ఇప్పుడెలాగున్నాది?"

"సూస్తన్నావు కదా. శవంలాగున్నాది."

"శవాన్ని బేరానికి పెడితే శవం రేటే ఇస్తారు. కంద తవ్వీదాకా ఆగు. అది రాకపోతే నానే ఒచ్చి సంతకం పెడతాను."

మనవరాలు ఫోన్ చేసింది. "మామ్మా, నా కోసం తోట అమ్మొద్దు. ఒక ఏడు సదువు ఆపీస్తాను."

"నోర్మూసుకుని సదువుకో," అని పెట్టేశాను. కంద కాడలన్నీ మానుల కింద నలిగిపోయి ఉన్నాయి. అడుగున దుంప ఉందో కుళ్లిందో నాకేం తెలుసు?

మానులు రంపంతో కోసి దొర్లించేసరికి కార్తీకం నడుస్తోంది. నలిగిన కంద కాడ ఎండి దారప్పోగులా అయింది. ఆ పోగు పట్టుకుని కొడుకు తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి గునపం ఆపాడు.

"రాయి తగిలినాది."

"ఈ ఇసకలో రాయెక్కడిదిరా? సేత్తో తియ్యి."

మోకాళ్ల మీద కూర్చుని ఇసక తోడాడు. తోడుతున్నకొద్దీ దాని అంచు దొరకడం లేదు. అటు తోడాడు, ఇటు తోడాడు. చివరికి రుబ్బురోలంత దుంప బయటపడింది. నల్లగా, గరుకుగా, ఎక్కడా గాయం లేకుండా. వాడొక్కడి వల్ల కాలేదు. మా మరిది గోతిలోకి దిగి పట్టాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. అరచేత్తో దాని మీది ఇసక తుడుస్తూ ఉండిపోయాడు.

పైన నోట్లు రద్దయ్యాయి, ధర పడిపోయింది, అంతంత మానులు పీకేసే గాలి వచ్చింది. మూరెడు లోతున దీనికి ఆ కబురేదీ అందలేదు. దాని పాటికి అది రోజూ కొంచెం లావెక్కింది. నలభై ఏళ్లు ఆ నేల మీదే తిరిగాను, కాలి కింద ఇలాంటిది జరుగుతోందని తెలియలేదు. గుమ్మంలోంచి సముద్రం చూసిన రోజు ఎలా నిలబడ్డానో మళ్లీ అలాగే నిలబడ్డాను.

అన్నీ అంత లావువి కావు, కొన్ని కుళ్లాయి కూడా. అయినా తవ్విన చోటల్లా ఏదో ఒకటి దొరికింది. ఆ ఏడు చుట్టుపక్కల కూరగాయలే లేక వ్యాపారి వ్యాను వేసుకుని ఇంటికే వచ్చాడు. ఫీజు కట్టాం. పట్నం పెద్దమనిషి ఫోన్ చేస్తే కొడుకే చెప్పాడు, "అమ్మం బాబూ."

వ్యాపారి ఆ పెద్ద దుంపకి విడిగా ధర కట్టాడు. కోడలు ఆశపడింది. "ఇచ్చీద్దాం అత్తా. ఇల్లంతా అదే ఉన్నాది."

"ఉండనీ. అది విత్తనం," అన్నాను. నా మంచం కింద ఇసక పోసి పెట్టించాను. కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వేసవి వచ్చింది. ఒక పొద్దున మంచం కింద ఊడుస్తుంటే చీపురుకి మెత్తగా ఏదో తగిలింది. ఈ మోకాళ్లతో నేల మీద కూర్చుని, వంగి చూశాను. మట్టి కప్పలేదు, చుక్క నీరు పొయ్యలేదు, ఎండ పొడ లేదు. ఆ చీకట్లో దుంప నడిమధ్య నుంచి లేత గులాబీ రంగు మొలక, నా బొటనవేలంత, పైకి లేచి ఉంది. దానికి వేళయిందని ఎవరు చెప్పారో.

కొడుకుని కేకేశాను. వాడూ నా పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. లేచి వెళ్లి కత్తి తెచ్చాడు.

"నాటడానికి ఎన్ని ముక్కలు సెయ్యాల అమ్మా?"

"ప్రతి ముక్కకీ ఆ మొలకలో కొంచెం రావాల. సూసి కొయ్యి."