ఆళ్లగడ్డ పెళ్లి క్యాసెట్టులో ఆడగొంతు

నంద్యాల చుట్టుపక్కల ఒకప్పుడు పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడిన ఆర్కెస్ట్రాల చరిత్ర రాస్తానని నేను బయలుదేరితే మా అక్క నవ్వింది. "పాడినోళ్లు పాడిపోయిరి, తిన్నోళ్లు తినిపోయిరి. మధ్యలో నీకేం పని?" అంది. నన్ను ఎవరైనా వద్దన్నారంటే చాలు, ఆ పని చేసేదాకా నాకు అన్నం సయించదు. అప్పటినుంచి సెలవు దొరికితే పాత క్యాసెట్లు వెతికి కంప్యూటర్లోకి ఎక్కించడం, ఎవరు పాడారో ఎవరు వాయించారో రాసిపెట్టడం నా పనైంది.

ఆళ్లగడ్డలో బట్టల కొట్టు వాళ్ల పెద్దావిడ తన కూతురి పెళ్లి క్యాసెట్టు ఇచ్చింది. అప్పట్లో మైక్ సెట్టు వాళ్లు రికార్డు చేసినది. మంత్రాలు, చంటిపిల్లల ఏడుపులు, "ఈ పంక్తికి పప్పు రాలే" అనే కేకలు, వీటన్నిటి నడుమ ఒక యుగళగీతం. మగగొంతు ఎవరిదో నాకు తెలుసు. నంద్యాలలో టీచరుగా రిటైరై, ఇప్పుడు చర్చిలో పాటలు నడిపిస్తున్న పెద్దమనిషిది. ఆడగొంతు మాత్రం ఎప్పుడూ విననిది. ఎంత లేతగా ఉందో అంత ధీమాగా ఉంది. ఆ గొంతు మీద నాకు మనసు పడిపోయిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆమె పేరు తెలియకుండా పుస్తకం అచ్చుకు ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

"ఆమె ఎవరమ్మా?" అని పెద్దావిడను అడిగాను.

"పాడినాయప్ప నంద్యాలలోనే ఉండాడు గదా. ఆయప్పనే అడుగుపో" అంటూ ఎందుకో ముసిముసిగా నవ్వింది.

వెళ్లి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ పాపా... పెండ్లయి బేతంచెర్లకు పోయింది సార్" అన్నాడు. నేను బేతంచెర్ల వెళ్లి, బండలు పాలిష్ పట్టే యూనిట్ల వెంట తిరిగి, తలనిండా తెల్లదుమ్ముతో ఇల్లు చేరాను. మా అక్క నన్ను చూసి ఏ గోడ మీద పడ్డావని అడిగింది. మళ్లీ వెళ్తే ఆయన, "బేతంచెర్ల అన్నానా? కోయిలకుంట్ల సార్" అన్నాడు. కోయిలకుంట్లలోనూ అలాంటి మనిషి లేదు. మూడోసారి నాకు కోపం వచ్చింది. "ఆమెకేమైనా అన్యాయం చేశారా మీరు? పేరు చెప్పడానికి ఎందుకంత భయం?" అనేశాను.

వంటింట్లోంచి ఆయన భార్య పకపకా నవ్వుతూ బయటికి వచ్చింది. "ఇంగ చాలుగానీ చెప్పయ్యా. పాపం, ఊర్లన్నీ తిరుగుతాండాడు. ఆ పాప ఈయనే సార్!"

నేను నోరు తెరిచాను. ఆయన తల దించుకున్నాడు. ఆ రోజుల్లో పెళ్లిళ్లకు పాడటానికి ఆడపిల్లల్ని ఎవరూ పంపేవారు కాదట. ఆర్కెస్ట్రా నడపాలంటే ఎవరో ఒకరు ఆ గొంతు పెట్టాల్సిందే. ఆయనే రెండూ పాడేవాడు. ఆళ్లగడ్డ పెళ్లిలో చోటు చాలక ఆర్కెస్ట్రాను పక్క గదిలో కూర్చోబెట్టారు. జనం బయట కట్టిన మైకు హారన్లలో వినడమే తప్ప చూసింది లేదు.

"అది తప్పు కాదు గదండీ" అన్నాను.

"తప్పు ఆడ లేదు సార్. పాట అయినంక పెండ్లోళ్లు ఆ పాడినామెకు ఇయ్యమని పట్టుచీర పంపిరి. మా మైకాయప్ప తీసుకొచ్చి నా చేతిలో పెట్టె. ఆడమనిషి లేదని చెప్పే ధైర్యం నాకు లేకపాయ. అబద్ధమాడొద్దని చర్చిలో పిల్లోళ్లకు చెప్తాండా. నేను చేసింది మోసం గదా?"

ఆ చీరను ఆయన భార్యను కట్టనివ్వలేదు. అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. అది ఇన్నేళ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉంది. పుస్తకంలో నిజం రాస్తే ఆ ఇంటివాళ్లు మోసపోయామనుకుంటారని ఆయన భయం. అబద్ధం రాయడం నావల్ల కాదు. చివరికి ఆయనే అన్నాడు, "నువ్వే పోయి చెప్పు సార్. తప్పయిందన్నానని చెప్పు. ఆయమ్మ మన్నిస్తే రాసుకో. లేదంటే నా పేరే ఎత్తొద్దు."

మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నసుగుతూ మొత్తం చెప్పాను. పెద్దావిడ సాంతం విని, "తెలుసు" అంది.

"తెలుసా?"

"ఆ రెండు గొంతులూ కలిసి పాడింది ఒక్క తూరన్నా విన్నావా నువ్వు? ఒకటి ఆగితే గదా ఇంగోటి వచ్చేది. ఆ పొద్దే కనుక్కున్నా నేను."

నిజమే. వందసార్లు విన్నాను. పరిశోధకుణ్ణని పేరు, చెవులు మాత్రం అలంకారానికి.

"మరి నాకు మొదటే చెప్పొచ్చు కదమ్మా!"

"ఆయప్ప దాచుకున్న మాట నేనెట్ల చెప్తా?"

"చీర ఎందుకు పంపారు మరి?"

"ఆయప్ప పెండ్లానికి. పాడినాయప్ప ఇంటామెకు ఇయ్యమని మైకాయప్పతో పంపితి, వాడేం చెప్పినాడో ఏమో. మూడు దినాలు మొగుణ్ణి మా పెండ్లికి పంపిచ్చి ఇంట్లో ఒకతే ఉండె. ఆయప్పకు కండువా కప్పితిమి. ఆయమ్మకేం పెట్టినాం? నేనే అంచు చూసి తీసిన చీర అది. కట్టిందా?"

లేదన్నట్టు తల ఊపాను.

సాయంత్రానికి నంద్యాల చేరి, ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. భార్యే ముందు తేరుకుంది.

"అంటే అది నాకు కొనిన చీర. నా చీర నన్ను కట్టనీకుండా పాపమని పెట్టెలో పెట్టిచ్చినావు గదయ్యా! ఆ పొద్దు కట్టుకునింటే ఎట్లుందునో!" అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లింది.

ఆయన నావైపు తిరిగి, "రాసుకో సార్. రెండు గొంతులూ నావేనని రాసుకో" అన్నాడు.

పెట్టె మూత తీసిన చప్పుడయింది. లోపలినుంచి ఆమె కేకేసింది.

"నన్ను గూడా రాయి సార్. మొగుణ్ణి పంపిచ్చినాయమ్మ అని!"

రాశాను. ఆ పాట కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.